శాలిహుండం కొండ కింద చెలమ

“ఒక్క సీసాడు తాగనీవే. ఒక్కటంటే ఒక్కటి. నానేటి సారా అడగతన్నానా?”

“సారా అయితే నాకింత బెంగ నేదు. నీళ్లు గనకే వద్దంతన్నాను.”

“ఏటి మజ్జిన కూకోబెట్టి నీళ్లు తాగొద్దంతావా? గొడ్డుకైనా అలగ సేత్తారేటి?”

“గొడ్డుకి గుండెలోకి నీరు సేరదు మావా. నీకు సేరతాది. డాక్టరు సెప్పినప్పుడు నువ్వు సెవుడు తెచ్చుకున్నావు గానీ నాను ఇన్నాను. రోజుకి లీటరు. మజ్జిగ, టీ, మందు మింగే గుక్క, అన్నీ కలిపి లీటరు.”

“ఆ లీటరు మన ఊరి నీటికే. ఇది మన బోరు నీరు కాదు గదే.”

ఈ మాట దగ్గర నేను ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

అప్పటికి మేమిద్దరం వంశధార ఇసకలో కూర్చుని ఉన్నాం. వెనక శాలిహుండం కొండ. మధ్యాహ్నం తిరగబోతోంది. మా కూతురి కూతురు అన్నం సంచీ ఆటోలో మరిచిపోయామని గట్టెక్కి వెళ్ళింది. మా ఆయన ఏట్లో ములిగి వచ్చి తడి తువ్వాలు భుజాన వేసుకుని నా చేతిలోని సీసా వైపు చూస్తున్నాడు. సీసాలో నీళ్లు సగానికి కిందగా ఉన్నాయి. రాత్రి పడుకునేదాకా ఆయనకు అవే.

ఆ సీసా గురించి చెప్పాలి. మాది ఉద్దానం. చుట్టూ కొబ్బరి, జీడి తోటలు. చూసినవాళ్లు ఎంత చల్లటి ఊరమ్మా అంటారు. ఆ చల్లటి ఊళ్లోనే కిడ్నీలు పోయినవాళ్లు వీధికి కొందరు ఉంటారు. తాగుడు లేనివాడికీ వచ్చింది, తోటలో ఎండలో పని చేసుకునేవాడికీ వచ్చింది. ఎందుకొచ్చిందో ఎవరూ తేల్చి చెప్పలేదు. జీపుల్లో మనుషులు వచ్చేవారు. మా బోరు నీళ్లు, నూతి నీళ్లు చిన్న చిన్న సీసాల్లో పట్టి, మూత మీద పేరు రాసుకుని తీసుకుపోయేవారు. అలా వచ్చినవాళ్లని మళ్ళీ చూడలేదు. అందుకని ఊళ్లో అందరం మాకు మేమే తేల్చుకున్నాం, జబ్బు నీళ్లలోనే ఉంది అని. నేనూ అదే నమ్మాను.

మా ఆయనకి మొదట కాళ్లు వాచాయి. తర్వాత తిండి సయించలేదు. ఆ తర్వాత మంగళవారం, శుక్రవారం ఆసుపత్రికి వెళ్లి మిషను మీద రక్తం కడిగించుకోవడం మొదలైంది. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతిలో నరాలు రెండు కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే లోపల తుమ్మెద ఎగురుతున్నట్టు రొదగా తగిలేది. రొద ఉంటే చెయ్యి పని చేస్తున్నట్టు. పొద్దున్నే లేచి పొయ్యి ముట్టించకముందే నేను ఆ చేతి మీద వేలు పెట్టి చూసేదాన్ని.

మా ఆయనకి ఒంట్లోంచి నీరు బయటికి పోయే దారి లేదు. అందుకే కొలత. కూల్‌డ్రింకు తాగి పడేసిన లీటరు సీసా ఒకటి తెచ్చి కడిగి, దాని మెడ కింద పసుపు దారం కట్టాను. పొద్దున్న దారం దాకా నింపితే రోజంతా అదే. టీ పెట్టాలన్నా అందులోంచే పొయ్యాలి. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కానీ కొలతలో నన్ను తప్పు పట్టినవాళ్లు లేరు. పులుసుకి నిమ్మకాయంత చింతపండు అంటే నిమ్మకాయంతే. నా కోడళ్లకి నా చేతి పొదుపు నచ్చేది కాదు. వెనక నన్ను పిసినారి అనుకునేవారని నాకు తెలుసు. ఆ పొదుపే మా ఆయన్ని ఏడాది పాటు బతికించింది. ఆసుపత్రిలో నర్సమ్మ ఓసారి నా సీసా పైకెత్తి, మిగతా ఆడవాళ్లకి చూపించి, “ఇలా చేయాలమ్మా” అంది. నాకు గర్వంగానే అనిపించింది. దాచడమెందుకు.

ఆయన బాధ మాత్రం చూడలేకపోయేదాన్ని. తోట నిండా బొండాలు వేలాడుతుంటే ఒక్కటి కొట్టుకు తాగడానికి లేదు. నాలుక ఎండి అంగిలికి అంటుకుపోయేది. తడిగుడ్డ పెదాల మీద పెడితే గుడ్డ చప్పరించేవాడు. నేను లాక్కునేదాన్ని. “నీ సేతిలో పడితే సీమకైనా దాహం తీరదు” అని తిట్టేవాడు. తిట్టనీ అనుకునేదాన్ని.

మా మనవరాలు విజయనగరంలో డిగ్రీ చదివేది. పాత రాళ్లూ శాసనాలూ అంటే దానికి పిచ్చి. సెలవులకి వచ్చినప్పుడు తాత మంచం పక్కన కూర్చుని, “తాతా, నీకు ఏటి సూడాలనుంది? సెప్పు, నాను తీసికెళ్తాను” అంది.

“శాలిహుండం,” అన్నాడు ఆయన, అడగడానికే కాచుకున్నట్టు. “కొండెక్కాల. దిగి ఏట్లో ములగాల.”

శాలిహుండం దగ్గర పల్లెలో ఆయన మేనత్త ఉండేది. చిన్నప్పుడు కొన్ని ఏళ్లు అక్కడే పెరిగాడు. ఆ రోజుల్లో కొండ మీద మట్టి తవ్వించి పాత కట్టడాలు బయటికి తీయిస్తుంటే, పనివాళ్లకి కిందనుంచి కావిడితో నీళ్లు మోసేవాడట. పెళ్లైన కొత్తలో ఈ మాట నాకు వంద సార్లు చెప్పాడు. జబ్బు చేశాక మళ్ళీ మొదలుపెట్టాడు.

నేను వద్దన్నాను. అంత దూరం, ఎండ, కొండ. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గోడ వైపు తిరిగి, “ఇంక మళ్లీ ఎల్తానేటి,” అన్నాడు. అది నాతో అన్న మాట కాదు. అందుకే ఒప్పుకున్నాను. శుక్రవారం మిషను అయ్యాక ఆదివారం బయల్దేరాం. తెల్లవారకముందే బస్సెక్కి శ్రీకాకుళంలో దిగి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాం.

దారిలో మనవరాలు, “అమ్మమ్మా, శ్రీకూర్మం ఇటేపే. దణ్ణం ఎట్టుకుని ఎల్దామా?” అంది. నేను ఒక్క కసురు కసిరాను. దానికి తెలీదు. మా వాళ్లు పోయినవాళ్ల కర్మలకి అక్కడికి వెళతారు. మా మావగారి అస్థికలు కూడా అక్కడి పుష్కరిణిలోనే కలిపాం. బతికున్న మనిషిని, ఆ ఒంటితో, అటు తీసుకెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు. మా ఆయనకి అర్థమైంది. “తర్వాత మీ అమ్మమ్మ నన్నెలాగూ తెత్తాది లేవే గుంటా, తొందరేటి?” అని నవ్వాడు. ఆటో నడిపే ఆయన కూడా నవ్వాడు. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

కొండ పెద్దది కాదు. ఆయనకి మాత్రం పెద్దదే. నాలుగడుగులు వేసి ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ నాలుగు. ఎడమ చెయ్యి ఎక్కడా తగలకుండా నేను ఆ పక్కన నడిచాను. పైకి వెళ్లాక చూస్తే ఇటుకలు. గుండ్రంగా పేర్చిన ఇటుకల దిమ్మలు, గోడల మొదళ్లు, ఒకచోట బండి చక్రం ఆకుల్లా లోపల అడ్డగోడలు కట్టిన కట్టడం. ఒక్కో ఇటుక మా ఇంటి ఇటుకలు రెండు కలిపినంత. మనిషన్నవాడు ఒక్కడూ లేడు. ఎండుగడ్డిలో గాలి వీస్తోంది.

మనవరాలు ఫోనుతో ఫొటోలు తీస్తూ చెప్పుకుపోయింది. బౌద్ధ సన్యాసులు ఉండేవారట. ఇవి స్తూపాలట, పూజ్యుల అస్థికలు పెట్టి కట్టేవారట. అంటే ఇవి కూడా బూడిద దాచిన చోట్లే. శ్రీకూర్మం వద్దని తప్పించుకుని వచ్చి నేను దిగబడింది ఇక్కడ.

“ఇంత కొండ మీద నీళ్లెక్కడివే వాళ్లకి?” అని అడిగాను.

మనవరాలు ఫోను దించింది. “అదేటో మా పుస్తకంలో నేదమ్మమ్మా.”

“పుస్తకం రాసినోడు కడవ ఎత్తుంటే రాసేవోడు.”

మా ఆయన ఒక దిమ్మకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. “ఎవడో ఒకడు మోసుంటాడు,” అన్నాడు. “నాలాగే. ఏటికాడ చెలమ తీసి, ఊరిన నీళ్లు కడవలకెత్తి, ఇలగ ఈ వారనించే ఎక్కేవోణ్ణి. పనోళ్లు దోసిళ్లు పట్టుకుని కూకునేవోరు. నాను పోత్తే తాగేవోరు. రోజుకెన్ని కడవలు పోసేనో! సుక్క నేలన పడనిచ్చేవోణ్ణి కాదు.”

తర్వాత తన సీసా అడిగి రెండు గుక్కలు తాగాడు. నేను గొంతు వైపు చూస్తూ లెక్కపెట్టాను. మూడోది పట్టబోతే సీసా తీసుకున్నాను. ఎండలో తెల్లగా కనిపిస్తున్న ఏటినే చూస్తూ ఉండిపోయాడు.

దిగాక ఏటికి వెళ్లాం. మాఘం వెళ్లిపోయింది కాబట్టి నీరు తగ్గి ఇసక మేట బయటపడింది. మేటకి అవతల మడుగు, నడుము లోతు. ఆయన చొక్కా విప్పి నా చేతికిచ్చి, ఎడమ చెయ్యి తల మీద పెట్టుకుని దిగాడు. వీపు మీద ఎముకలు లెక్కపెట్టొచ్చు. మనవరాలు, “తాతా, అక్కడే ఉండు, లోతుకెళ్లకు,” అని అరుస్తోంది. ఆయన వినలేదు. వెల్లకిలా పడుకుని తేలాడు. కుడిచేత్తో మెల్లగా నీళ్లు తోసుకుంటూ అటు కాస్త, ఇటు కాస్త. నలభై ఏళ్ల పైన ఆయనతో కాపురం చేశాను, ఈదుతుండగా చూడ్డం అదే మొదలు. మా ఊళ్లో సముద్రం తప్ప ఏరు లేదు కదా.

“ఒసే, నువ్వూ దిగవే. నీళ్లు మెత్తగా ఎన్నముద్దలాగున్నాయి,” అన్నాడు.

“సీర తడిస్తే ఆరబెట్టడానికి ఇక్కడ తీగ కట్టేవా?”

“దీనికి సచ్చినా సీరల గోలే,” అని నీళ్లలోంచి నవ్వాడు. ఏడాదిలో ఆ నవ్వు అప్పుడే విన్నాను.

గట్టెక్కాక మనవరాలు సంచీకి వెళ్లడం, ఈయన నీళ్లడగడం, మొదట రాసిన గొడవ. “ఇది మన బోరు నీరు కాదు గదే” అన్నాడు.

నాకప్పుడు వచ్చిన ఆలోచన ఇది. మా నీళ్లు పాడు, అందుకే ఆయనకి కొలిచి పోస్తున్నాం. మంచి నీళ్లకి కొలతెందుకు? ఈ నీళ్లు తాగినవాళ్లు ఆ కొండ మీద బతికారు. ఈయన పోస్తే తాగిన కూలీలు ఎవరూ జబ్బున పడలేదు. అసలు పాడు నీళ్లతో చెడిన ఒళ్లు మంచి నీళ్లు పడితే కడుక్కుపోతుందేమో. ఆసుపత్రిలో మిషను చేసేదీ కడగడమే కదా. డాక్టరు లీటరు అన్నాడు గానీ ఏ ఊరి నీరో చెప్పలేదు. ఇలాగే అనుకున్నాను. ఉద్దానం మనిషిని కాకపోతే ఇంత తెలివితక్కువగా అనుకోకపోదును. అక్కడ పుట్టి పెరిగి, నీళ్లనే దొంగని చేసి ఏళ్ల తరబడి తిట్టుకున్నదాన్ని గనక, వేరే నీళ్లు కనిపించేసరికి దేవుణ్ణి చేసేశాను.

ఆయన ఇసకలో చెయ్యి పెట్టి తవ్వబోయాడు.

“ఆ సెయ్యి తీ. ఇసక తగిలితే సీము పడతాది. జరుగు, నాను తవ్వుతాను.”

నేనే తవ్వాను. మోచేతి లోతు వెళ్లేసరికి తడి. ఇంకో జానెడు వెళ్లాక నీరు ఊరింది. మొదట బురద నీరు. దోసిలితో తోడి పారబోశాను. మళ్ళీ ఊరింది. ఆయన పక్కన గొంతుక్కూర్చుని, “తోడియ్, ఇంకోపాలి తోడియ్, మూడోదే తాగాల,” అని చెప్తూ ఉన్నాడు. మూడోసారికి అడుగున ఇసక రేణువులు కనిపించేంత తేటగా వచ్చింది.

నేను సీసా మూత తీసి, మా ఊరి నీళ్లు ఇసకలో ఒంపేశాను. పుట్టి బుద్ధెరిగాక తాగే నీళ్లు నేలపాలు చేయడం నాకు అదొక్కసారే. చెలమలో సీసా ముంచి నింపాను. దారం దాటి, మూతి దాకా నింపాను.

ఆయన ఆపకుండా తాగాడు. గొంతు అలా కదులుతుంటే నేను లెక్కపెట్టలేదు. సీసా ఖాళీ చేసి నా చేతికిచ్చాడు. మళ్ళీ నింపాను. అదీ తాగాడు. మూడోది సగం తాగి, మిగిలింది తల మీద పోసుకుని, “ఇంక సాలే,” అన్నాడు. ఆయన నోట సాలు అన్న మాట ఎన్నాళ్లకి!

మనవరాలు గట్టు దిగుతూ కనిపించింది. నేను కాలితో ఇసక తోసి చెలమ కప్పేశాను. తప్పు కాదనుకున్నప్పుడు ఎందుకు కప్పానో ఇప్పటికీ నాకు తెలీదు. అది వచ్చి, “తాత ఏటిలాగ హుషారుగున్నాడు?” అంది. “ఈదేను గదే,” అన్నాడు ఆయన. పెరుగన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నరసన్నపేట దాటేదాకా కబుర్లు చెప్పాడు. టెక్కలి దగ్గర మాటలు తగ్గాయి. ఇంటికి వచ్చేసరికి మాట్లాడడం మానేశాడు.

ఆ రాత్రి పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి అందలేదు. గోడకి దిండు పెట్టి కూర్చోబెట్టాను. “ఎండ కొట్టింది అమ్మమ్మా, అంత దూరం తిప్పేను, నాదే తప్పు,” అని మనవరాలు ఏడ్చింది. నేను దాన్ని పడుకోమన్నాను.

ఆయన ఆ జబ్బుతోనే ఆ ఏడు వానలు పడకముందే పోయాడు. ఇంకో మూడు నెలలు బతికాడన్న మాట. ఏట్లో తాగిన నీళ్లే చంపాయని నేను అనను, కాదనీ అనను. డాక్టరు, గుండె అప్పటికే బలహీనపడిందని చెప్పాడు. ఎప్పటినుంచి అని నేను అడగలేదు. కర్మ శ్రీకూర్మంలోనే చేశాం. కర్మకి వచ్చినవాళ్లందరూ నా గురించి ఒకటే మాట, ఎంత కనిపెట్టుకుని చూసిందో అని. మనవరాలు ఆ తర్వాత పాత రాళ్ల ఊసెత్తలేదు. పరీక్ష రాసింది, ఏదో ఉద్యోగం చూసుకుంది. కొండ ఎక్కించి తాతని పాడు చేశానని దాని మనసులో ఇంకా ఉంది. దాని మనసులోంచి అది తీసేయగలిగింది నేనొక్కదాన్నే. ఇంతవరకూ తీయలేదు. అందుకే ఇది రాయడం.

ఏటికి వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున్న జరిగింది కూడా రాసేస్తాను.

తెల్లారేసరికి ఆయన కాళ్లు నొక్కితే వేలు దిగబడుతోంది. మొహం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. చేతి మీద వేలు పెట్టి చూశాను, రొద ఉంది. సోమవారం మాకు ఆసుపత్రి రోజు కాదు. అయినా ఆటో పిలిచి తీసుకెళ్లాం. మనవరాలు చీటీ రాయించడానికి కిటికీ దగ్గర ఆగింది. నేనూ ఆయనా లోపలికి వెళ్లాం. నర్సమ్మ ఆయన్ని తూకం మీద నిలబెట్టి, ముల్లు చూసి, పాత కాగితం చూసి, మళ్ళీ ముల్లు చూసింది.

“నాలుగు కిలోలు పెరిగావు తాతా! మూడు రోజుల్లో! ఎన్ని నీళ్లు తాగావు?”

ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన చెప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాను.

“ఏటికెళ్లేను. ఈదేను,” అన్నాడు, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ. “ములిగినప్పుడు... తాగీసేను. ఇది వద్దంది. నానే ఇన్నేదు.”

“ఈ వయసులో ఈతేంటి తాతా? బుద్ధుందా నీకు? ఆవిడ చుక్క చుక్క కొలిచి నిన్ను కాపాడుకుంటుంటే నువ్విలా చేస్తావా?”

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. అందరిముందూ చీవాట్లు తింటున్నాడు. నర్సమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, “నువ్వేం చేస్తావులేమ్మా,” అంది. చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, “మందులేమైనా మార్చాలా?” అని అడిగాను.

మంచం ఖాళీ అయ్యాక పడుకోబెట్టి చేతికి సూదులు గుచ్చి గొట్టాలు తగిలించారు. మిషను తిరగడం మొదలైంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను సంచీలోంచి సీసా తీశాను. అడుగున ఏటి ఇసక ఉంది. కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, రెండుసార్లు కడిగి, దారం దాకా నింపి తెచ్చి ఆయన మంచం కింద పెట్టాను.